ఆసుపత్రి పాలన ఎవరి విద్య?

పూర్వపక్షం: 2016 అక్టోబరు 11న జిల్లాగా ఏర్పడిన సిద్దిపేటలో, రెండేళ్లు తిరగకముందే, 2018లో, ఎన్సాన్‌పల్లి వద్ద ప్రభుత్వ వైద్య కళాశాల 150 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైంది, దానితో పట్టణంలోని ప్రభుత్వాసుపత్రి బోధనాసుపత్రి అయింది. బోధనాసుపత్రి అంటే రోగులకు చికిత్స జరిగే చోటే విద్యార్థులకు పాఠాలూ జరిగే ఆసుపత్రి కనుక, అక్కడ పడకలు, యంత్రాలు, సిబ్బంది, తనిఖీలు, లెక్కలు అన్నీ ఒక్క పెట్టున పెరుగుతాయి. ఇంత పెరిగిన సంస్థకు అధిపతి అయ్యే సూపరింటెండెంటు మాత్రం పాత పద్ధతిలోనే, సీనియారిటీ గల వైద్యుల నుంచి వస్తారు. శస్త్రచికిత్సలోనో శిశువైద్యంలోనో దశాబ్దాలు పండిన ఆ వైద్యుడికి టెండరు పత్రం చదవడం, మందుల నిల్వను అంచనా వేయడం, యంత్రాల వార్షిక నిర్వహణ ఒప్పందంలో లొసుగు పట్టుకోవడం, వందలాది సిబ్బందికి డ్యూటీలు వేయడం ఏనాడూ ఎవరూ నేర్పలేదు. ఈ పనులను ఒక శాస్త్రంగా బోధించే స్నాతకోత్తర విద్య ఆరోగ్య పరిపాలన, లేదా ఆసుపత్రి నిర్వహణ, అనే పేరుతో ఉంది. ఆర్థిక వ్యవహారాలు, సామగ్రి నిర్వహణ, మానవ వనరులు, వైద్య సంబంధ చట్టాలు, నాణ్యతా ప్రమాణాలు, జనంలో రోగాలు వ్యాపించే తీరును లెక్కగట్టే ఎపిడెమియాలజీ అందులో పాఠ్యాంశాలు. జిల్లా స్థాయి ఆసుపత్రుల నుంచి పైకి, పాలనను ఆ విద్య చదివినవారికే అప్పగించాలన్నది ఈ పక్షం ప్రతిపాదన.

ఉత్తరపక్షం: పనుల జాబితా సరైనదే, దాని నుంచి తీసిన ముగింపే సరైనది కాదు. ఆసుపత్రిలో ప్రతి పాలనా నిర్ణయం లోపల ఒక వైద్య నిర్ణయం దాగి ఉంటుంది. రెండు వెంటిలేటర్లు ఉండి ముగ్గురు రోగులు వచ్చిన రాత్రి, ఒకటే ఆపరేషన్ థియేటర్ ఖాళీగా ఉండి సిజేరియన్ కేసు, పగిలిన పేగు కేసు ఒకేసారి వచ్చిన వేళ, కింది వైద్యుడు సూపరింటెండెంటుకు ఫోన్ చేసి అడిగేది టెండరు నిబంధన గురించి కాదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవారి మాటనే పగలు కూడా వైద్యులు వింటారు. వైద్యవృత్తిలో అధికారం ఉత్తర్వుతో సగమే వస్తుంది, మిగతా సగం తోటివారి గౌరవం నుంచి రావాలి. పరిశోధన కూడా ఈ వైపే మొగ్గుతోంది. పరిశోధకురాలు అమాండా గూడాల్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికాలో క్యాన్సర్, జీర్ణకోశ వ్యాధులు, గుండె వ్యాధుల చికిత్సలో అగ్రశ్రేణిలో నిలిచిన ఆసుపత్రులను పోల్చి చూసినప్పుడు, వైద్యులు అధిపతులుగా ఉన్నవాటి నాణ్యతా మార్కులు ఇతరుల చేతిలో ఉన్నవాటికంటే సుమారు 25 శాతం ఎక్కువగా కనిపించాయి. దీనికి ఎదురుగా ఇంగ్లండులోని మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రి ఉదంతాన్ని పెట్టి చూడాలి. యాజమాన్య మండలి ఖర్చుల తగ్గింపు మీద, లక్ష్యాల సాధన మీద చూపు నిలిపి, వార్డుల్లో రోగులు పడుతున్న అవస్థను చూడకుండా పోయిందని 2013లో వెలువడిన ఫ్రాన్సిస్ విచారణ నివేదిక తేల్చింది. దాహమైన రోగికి నీళ్లు అందించే దిక్కులేని స్థితిని ఆ నివేదిక వర్ణించింది. లెక్కల పుస్తకం సరిగ్గా ఉన్న ఆసుపత్రిలో అలా జరగడానికి కారణం లెక్కల పుస్తకమే ఆసుపత్రి అనుకోవడం.

పూర్వపక్షం: మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఉదంతాన్ని తేలిగ్గా తీసుకోవడం తగదు, ఈ పక్షం తీసుకోదు కూడా. గూడాల్ అధ్యయనం విషయంలో మాత్రం రెండు మాటలు చెప్పాలి. మొదటిది, అందులో వైద్యుడి నాయకత్వానికీ నాణ్యతా మార్కులకూ సంబంధం కనిపించిందే తప్ప ఒకటి రెండోదానికి కారణమని తేలలేదు. మంచి ఆసుపత్రులే పేరున్న వైద్యులను అధిపతులుగా తెచ్చుకుంటూ ఉండవచ్చు. రెండవది, ఆ వైద్యుల చుట్టూ ఎవరున్నారన్నది. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం ఆసుపత్రి పరిపాలనలో స్నాతకోత్తర విద్యను 1934లోనే ప్రారంభించింది. అంటే, అక్కడ అధిపతి స్థానంలో కూర్చునే వైద్యుడి చుట్టూ కొనుగోళ్లు, లెక్కలు, సిబ్బంది వ్యవహారాలు చదివి వచ్చినవారి వరుస ఉంటుంది. సిద్దిపేట వంటి చోట సూపరింటెండెంటు చుట్టూ ఉండేది వైద్యుడే అయిన రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు (ఆర్ఎంఓ), కొందరు గుమస్తాలు, కొన్ని ఫైళ్లు.

ఈ విద్య నేర్పేదేమిటో ఒక చిన్న లెక్క చెబుతుంది. 300 పడకలు ఎప్పుడూ నిండి ఉండే ఒక ఆసుపత్రిని ఊహించుకుంటే, ఒక్కో రోగి సగటున 6 రోజులు ఉంటే రోజుకు 50 మందిని కొత్తగా చేర్చుకోవచ్చు. సగటు 5 రోజులకు తగ్గితే 60 మందిని చేర్చుకోవచ్చు. ఒక్క ఇటుక పెట్టకుండా, ఒక్క మంచం కొనకుండా, రోజుకు పదిమందికి చోటు దొరికింది. రోగి ఆసుపత్రిలో గడిపే సగటు బస కాలాన్ని ఈ విధంగా కొలిచి, అందులో చికిత్సకు పట్టింది ఎంత, రిపోర్టు కోసమో సంతకం కోసమో ఎదురుచూడటానికి పట్టింది ఎంత అని విడదీయడం ఈ శాస్త్రంలో ప్రాథమిక పాఠం. మందుల గది సంగతి మరో ఉదాహరణ. నిల్వలను వాటిపై ఏటా అయ్యే ఖర్చును బట్టి ఏ, బీ, సీ అని మూడు తరగతులు చేస్తారు. సాధారణంగా పదో వంతు వస్తువులే మొత్తం ఖర్చులో డెబ్బై శాతం తినేస్తాయి కనుక వాటిపై కాపలా గట్టిగా ఉంచుతారు. వాటినే ప్రాణావసరం, అవసరం, ఉంటే మంచిది అని మరో మూడు తరగతులుగా కూడా చేస్తారు. ఈ రెండు జల్లెడలూ కలిపి పట్టినప్పుడు, చవకైనదే అయినా లేకపోతే ప్రాణం పోయే మందు ఏదో బయటపడుతుంది. పాముకాటు కేసు వచ్చిన రాత్రి విరుగుడు మందు లేదని తెలియడం, ఆ జల్లెడ పట్టని ఆసుపత్రిలో జరుగుతుంది.

పేద కుటుంబాలకు ఉచిత చికిత్స అందించే ఆరోగ్యశ్రీ పథకం ఈ అవసరాన్ని ఇంకా పెంచింది. 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైన ఆ పథకంలో చికిత్స ఖర్చు పరిమితి, తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏటా 10 లక్షల రూపాయలు. ప్రభుత్వాసుపత్రి కూడా ఈ పథకం కింద చికిత్స చేసి డబ్బు రాబట్టుకోవచ్చు. అయితే, ముందస్తు అనుమతికి కావలసిన పరీక్షల కాగితాలు, ఫోటోలు, కేస్‌షీటు సక్రమంగా ఎక్కకపోతే క్లెయిమ్ ఆగిపోతుంది. చికిత్స జరిగింది, రోగి నడిచి ఇంటికి వెళ్లాడు, ఆసుపత్రికి రావలసిన సొమ్ము మాత్రం కాగితం లోపం వల్ల రాలేదు. ఈ నష్టానికి వైద్యుడిని తప్పుపట్టడం అన్యాయం. ఆ పని ఆయనకు అప్పగించిన పద్ధతిని తప్పుపట్టాలి.

ఉత్తరపక్షం: పడకల లెక్కలో తప్పు లేదు, దాన్ని ఒప్పుకోకపోవడం మొండితనం అవుతుంది. అయితే ఆరో రోజు ఎందుకు ఉంటుందో కూడా అడగాలి. దుబ్బాక దగ్గరి పల్లె నుంచి, కోహెడ నుంచి వచ్చిన బాలింతను డిశ్చార్జి చేస్తే తీసుకుపోవడానికి మనిషి రావలసి ఉంటుంది, ఆ మనిషి కూలి పని వదులుకుని రావాలి. కుట్లు మానని గాయంతో పంపితే మూడు రోజులకు చీము పట్టి అదే బాలింత మళ్లీ అదే వార్డులో చేరుతుంది. పట్టికలో ఆరో రోజు వృథాగా కనిపిస్తుంది, మంచం పక్కన నిలబడి చూస్తే అందులో సగం చికిత్సే. ఏ సగం చికిత్సో, ఏ సగం జాప్యమో తేల్చేది మళ్లీ వైద్యుడే.

దీనికంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ప్రభుత్వాసుపత్రి అధిపతి చేతిలో అసలు ఉన్న అధికారమెంత? వైద్యుల నియామకాలు, బదిలీలు వైద్యవిద్యా సంచాలకుల కార్యాలయం నుంచి వస్తాయి. మందులు, యంత్రాలు, భవనాలు రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ ద్వారా వస్తాయి. పారిశుధ్యం, సెక్యూరిటీ, రోగుల భోజనం ఏజెన్సీల చేతుల్లో ఉంటాయి. ఖాళీ పోస్టును నింపలేని, పాడైన స్కానింగ్ యంత్రాన్ని సొంత సంతకంతో బాగుచేయించలేని అధికారికి రెండేళ్ల స్నాతకోత్తర విద్య చేర్చితే, తన చేతులు ఎక్కడెక్కడ కట్టేసి ఉన్నాయో పారిభాషిక పదాలతో చెప్పగల అధికారి తయారవుతాడు. చదువు లోపం కంటే అధికార లోపం పెద్దదైన చోట చదువును మందుగా రాసివ్వడం రోగ నిర్ణయంలోనే పొరపాటు.

పూర్వపక్షం: ఉత్తరపక్షం మాటల్లో అతి బలమైనది ఇదే. దీనికి పూర్తి జవాబు లేదని ఒప్పుకోవాలి. ఉన్నంత జవాబు ఇది: కట్టేసిన చేతులు కూడా ఫైలు రాస్తాయి, ఫైలును ఎలా రాయాలో తెలిసినవాడు రాసినప్పుడు అది కదిలే అవకాశం ఎక్కువ. గడిచిన మూడేళ్ల వాడకం, రోగుల సంఖ్య, కాలాన్ని బట్టి వచ్చే హెచ్చుతగ్గులు చూపుతూ పంపిన ఇండెంటుకూ, నిరుడు పంపిన కాగితం మీద తేదీ మార్చి పంపిన ఇండెంటుకూ పైవారి దగ్గర ఒకే విలువ ఉండదు. పైన చెప్పిన కేంద్రీకృత కొనుగోలు సంస్థలకు నమూనా అయిన తమిళనాడు వైద్య సేవల సంస్థ 1994లో ఏర్పడింది. జెనెరిక్ పేర్లతో పెద్దమొత్తంలో కొనుగోలు చేసి, ప్రతి ఆసుపత్రికీ పాస్‌బుక్ ఇచ్చి, గిడ్డంగుల్లో నిల్వను కంప్యూటరు మీద చూసే ఆ ఏర్పాటు పాలనావేత్తలు కట్టి నిలబెట్టినది. ప్రభుత్వంలో పాలనా విద్య పనికిరాదన్న మాటకు అది ఎదురు సాక్ష్యం.

ఈ సందర్భంలో ఒక విచిత్రాన్ని గమనించక తప్పదు. సిద్దిపేటకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదులో ఈ విద్యకు కొరత లేదు. నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, అంటే నిమ్స్, ఆసుపత్రి నిర్వహణలో స్నాతకోత్తర పట్టా ఇస్తోంది. జూబ్లీహిల్స్‌లోని అపోలో ఆసుపత్రి పరిపాలన సంస్థలో ఉస్మానియా విశ్వవిద్యాలయ అనుబంధంగా అదే చదువు ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆరోగ్య, ఆసుపత్రి నిర్వహణలో ఎంబీఏ నడుపుతోంది. అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఆఫ్ ఇండియా ఇదే రంగంలో డిప్లొమా ఇస్తోంది. వీటిలో చదివినవారు కార్పొరేట్ ఆసుపత్రుల నాణ్యతా విభాగాల్లో, బీమా విభాగాల్లో, ఆపరేషన్స్ విభాగాల్లో కనిపిస్తారు; దంతవైద్యం, ఫిజియోథెరపీ చదివినవారిలో కొందరు ఇదే చదువు కోసం అమెరికా వెళ్లి అక్కడే స్థిరపడుతున్నారు. జిల్లా ప్రభుత్వాసుపత్రి తలుపు మాత్రం వారికి తెరుచుకోదు. జాతీయ ఆరోగ్య మిషన్ కింద వచ్చే కొన్ని కాంట్రాక్టు పోస్టులు తప్ప, ఈ విద్యను అర్హతగా కోరుతూ ఎక్కేకొద్దీ మెట్లున్న శాశ్వత ఉద్యోగ శ్రేణి లేదు. రాష్ట్రం నడిబొడ్డున తయారవుతున్న నైపుణ్యం రాష్ట్రంలోని అతి పేద రోగి వెళ్లే ఆసుపత్రికి చేరకపోవడం బాధాకరం.

ఉత్తరపక్షం: ఆ తలుపు తెరిచేముందు, బయట నిలబడినవారు ఏ బడిలో ఏం నేర్చుకుని వచ్చారో చూడాలి. ఈ చదువులో రెండు రకాలున్నాయి. ఒకటి, ఢిల్లీ ఎయిమ్స్ వంటి చోట్ల ఎంబీబీఎస్ పూర్తిచేసినవారికి మాత్రమే ఉండే మూడేళ్ల ఎండీ. రెండవది, ఏ డిగ్రీ చదివినవారైనా చేరదగిన రెండేళ్ల కోర్సు. మొదటిదాన్ని పెంచితే, నిపుణుల కొరత ఉన్న జిల్లాల్లో ఇంకో వైద్యుడు వార్డు విడిచి కార్యాలయంలోకి వెళ్లాడన్నమాట. రెండవదాన్ని నమ్ముకుంటే వచ్చే పట్టభద్రుడి శిక్షణ సాధారణంగా కార్పొరేట్ ఆసుపత్రిలో జరిగి ఉంటుంది. అక్కడ విజయానికి ముఖ్యమైన కొలమానాల్లో ఒకటి, నిండిన ఒక్కో పడక మీద రోజుకు వచ్చే సగటు రాబడి. ఆ కొలమానంతో చూస్తే సిద్దిపేట ప్రభుత్వాసుపత్రిలో మంచం పట్టిన ముసలి రైతు అందరికంటే పనికిరాని రోగి. ప్రభుత్వాసుపత్రికి కావలసిన కొలమానం వేరు: ఎంతమంది అప్పు చేయకుండా ఇంటికి వెళ్లారు, ఎందరిని అనవసరంగా హైదరాబాదు గాంధీ ఆసుపత్రికి రెఫర్ చేయకుండా ఇక్కడే బాగుచేశారు, రాత్రి పూట ప్రసవానికి వచ్చినవారిలో ఎందరిని వెనక్కి తిప్పి పంపారు. ఈ కొలమానాలను మొదటి పాఠంగా నేర్పే కోర్సు ఏది? చదువు తటస్థమైనదని అనుకోవడం పొరపాటు. అది ఏ నేల మీద నేర్చుకున్నారో ఆ నేల వాసన దానికి అంటుకుంటుంది.

పూర్వపక్షం: అది విద్య మీద వచ్చిన ఫిర్యాదు కాదు, విద్య జరిగే స్థలం మీద వచ్చిన ఫిర్యాదు. దానికి మందు కూడా అందులోనే ఉంది: శిక్షణను ప్రభుత్వాసుపత్రికి తేవాలి. అరవింద్ కంటి ఆసుపత్రిని 1976లో మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి, ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను 1987లో హైదరాబాదులో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించారు. ఇద్దరూ వైద్యులే, ఇద్దరి సంస్థలూ పేదలకు ఉచితంగా పెద్దఎత్తున చికిత్స అందించాయి, రెండూ పాలనను చిన్నచూపు చూడలేదు. అరవింద్ అయితే 1992లో, ఇతర ఆసుపత్రులకు నిర్వహణ నేర్పడానికే ఒక శిక్షణ సంస్థను పెట్టింది. రాబడి కొలమానం లేకుండానే ఆసుపత్రి పాలన శాస్త్రంగా ఎదగగలదని ఈ రెండూ చూపాయి.

ఉత్తరపక్షం: ఆ రెండు సంస్థల శిఖరాన వైద్యుడే నిలిచాడని కూడా అవే చూపాయి. అక్కడ పాలన చదివినవారు వైద్యుడి దృష్టికి చేతులయ్యారు. పూర్వపక్షం మొదట ప్రతిపాదించింది వేరు: పాలన ఆ విద్య చదివినవారికే అప్పగించాలని.

పూర్వపక్షం: ఆ ‘కే’ అనే ప్రత్యయాన్ని ఇప్పుడు వదులుకోవచ్చు. సూపరింటెండెంటుగా వైద్యుడే ఉండి, ఆయన పక్కన ఆరోగ్య పరిపాలన చదివిన పాలనాధికారి ఉండి, కొనుగోళ్లు, ఒప్పందాలు, క్లెయిములు, డ్యూటీ చార్టులు ఆ అధికారి చూసుకుంటే ఉభయుల బలం కలుస్తుంది. 2017 జాతీయ ఆరోగ్య విధానం అన్ని రాష్ట్రాల్లో ప్రజారోగ్య నిర్వహణ శ్రేణి, అంటే పాలనకు ప్రత్యేకంగా శిక్షణ పొందినవారి ఉద్యోగ వర్గం, ఏర్పడాలని కోరింది కూడా.

ఉత్తరపక్షం: సంతకం ఎవరిది? ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న మాట ఊరికే పుట్టలేదు. ఇంగ్లండు జాతీయ ఆరోగ్య సేవలో వైద్యులు, నర్సులు, పాలకులు ఏకాభిప్రాయంతో నడిపే పద్ధతి ఉండగా, ఎవరు బాధ్యులో తేలడం లేదని 1983లో రాయ్ గ్రిఫిత్స్ అనే వ్యాపారవేత్త నేతృత్వంలోని విచారణ తప్పుపట్టింది. ప్రతి స్థాయిలో ఒక్క జనరల్ మేనేజరే జవాబుదారీ కావాలని సూచించింది. ఆ ఒక్క కుర్చీలోకి వచ్చినవారి చూపు లెక్కల మీదే నిలిస్తే ఏమవుతుందో ముప్ఫై ఏళ్ల తరువాత ఫ్రాన్సిస్ నివేదిక చెప్పింది. అంటే, ఇద్దరుంటే బాధ్యత పలుచనవుతుంది, ఒక్కరే ఉంటే ఆ ఒక్కరి చూపు దేనిమీద ఉందో దానిమీదే ఆసుపత్రి నడుస్తుంది. ఆక్సిజన్ అందక ప్రాణం పోయిన రోజు ట్యాంకు నింపించాల్సింది పాలనాధికారా, రోగిని ముందే వేరేచోటికి పంపాల్సింది వైద్యుడా అని విచారణ సంఘం ముందు ఇద్దరూ ఒకరినొకరు చూపుకుంటే ఆ కుటుంబానికి ఎవరు జవాబు చెబుతారు?

పూర్వపక్షం: ఈ ప్రశ్న బరువు నిజమైనదే. దాన్ని పక్కన పెట్టకుండానే మరో ప్రశ్న అడగాలి. వార్డు తెలిసినవారే ఆసుపత్రిని నడపాలన్నది ఉత్తరపక్షం మూల సూత్రమైతే, ఆసుపత్రిలో వార్డు అందరికంటే ఎక్కువ తెలిసింది హెడ్ నర్సుకు. రోగి పక్కన ఇరవై నాలుగు గంటలూ ఉండేది నర్సింగ్ సిబ్బంది. ఎమ్మెస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళికలో నర్సింగ్ నిర్వహణ ఒక ప్రత్యేక పత్రం కూడా. అంటే వార్డు అనుభవం, పాలనా విద్య రెండూ ఒకే మనిషిలో కలిసిన ఉదాహరణ ప్రతి బోధనాసుపత్రిలోనూ కళ్లెదుటే ఉంది. అయినా సూపరింటెండెంటు కుర్చీ గురించి మాట్లాడేటప్పుడు ఆమె పేరు ఎవరూ ఎత్తరు. ఈ సంవాదంలో కూడా ఇంతవరకూ ఎత్తలేదు. కనుక కుర్చీని నిర్ణయిస్తున్నది వార్డు జ్ఞానమా, వృత్తుల మధ్య అంతస్తుల తేడానా?

ఉత్తరపక్షం: ఈ దెబ్బ తగిలిందని ఒప్పుకోవాలి. గౌరవం నుంచి అధికారం వస్తుందన్న వాదన, ఆ గౌరవం ఎవరికి ఎందుకు దక్కుతోందో అడగకుండా నిలబడదు. అయినా ఈ పక్షం తన మూలస్థానాన్ని విడవడం లేదు: రోగి శరీరానికి జవాబుదారీ అయినవారి చేతిలోనే చివరి మాట ఉండాలి, ఆ జవాబుదారీతనంలో నర్సుకు కూడా వాటా ఉందంటే, వాటా పెంచాలి తప్ప దాన్ని వార్డు చూడనివారికి బదిలీ చేయకూడదు. పూర్వపక్షం చెప్పిన లోపాల్లో ఒకదాన్ని మాత్రం ఏ వైద్యుడూ కాదనలేడు. ఐదున్నరేళ్ల ఎంబీబీఎస్‌లో ఆసుపత్రి ఎలా నడుస్తుందో చెప్పే భాగం చాలా చిన్నది.

పూర్వపక్షం: ఆ ఒక్క ఒప్పుకోలు నుంచే పని మొదలు కావచ్చు. పట్టా పుచ్చుకున్న పాలనాధికారి రావడానికి ఉద్యోగ శ్రేణి కావాలి, ఆర్థిక శాఖ అనుమతి కావాలి, అది ఏళ్లు పట్టే పని. ఈలోగా కుర్చీ ఎక్కబోయే వైద్యుడు, ఎక్కడానికి ముందు, ఏడాదిపాటు వేతనంతో కూడిన సెలవు మీద, ప్రభుత్వాసుపత్రినే ప్రయోగశాలగా పెట్టుకుని ఈ విద్యలో కొంతైనా చదివి రావాలన్న నిబంధన పెట్టడానికి అడ్డేమిటి?

ఉత్తరపక్షం: ఆ ఏడాది ఆయన ఓపీ గది ఖాళీగా ఉంటుందన్నది అడ్డు. అక్కడ వరుసలో నిలబడినవారికి ఈ సంవాదం వినిపించదు. అయినా ఒక సంగతి ఉభయ పక్షాల ముందూ ఉంది. 2018లో ఎన్సాన్‌పల్లిలో చేరిన మొదటి జట్టు విద్యార్థుల చదువుకాలం, ఇంటర్న్‌షిప్‌తో సహా, పూర్తయింది. ఇప్పటి పద్ధతే సాగితే, వారిలో కొందరు మరో పాతికేళ్లకు ఏదో ఒక జిల్లాలో సూపరింటెండెంట్లు అవుతారు. ఆ కుర్చీలో చేయవలసిన పని గురించి వారి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో ఉన్నది, సామాజిక వైద్యశాస్త్రంలో ఆరోగ్య ప్రణాళిక, నిర్వహణ అనే ఒక చిన్న అధ్యాయం.